అనుమానం టీచరు

టీచరుగారు పోయారని, నాతో బళ్ళో చదివిన నూకరత్నం ఫోన్ చేసినప్పుడు నేను సీతమ్మధారలో, మా ల్యాబ్‌లో ఉన్నాను. ఎదురుగా ఒకాయన చొక్కా చెయ్యి మడిచి, సూది కేసి చూడలేక మొహం గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"పైడీ, మన సైన్సు టీచరు పోయారంట. ఈయేల తెల్లారగట్ల."

"ఎవలు సెప్పారు?" అన్నాను.

 నూకరత్నం ఏడుపులోనే నవ్వింది. "అదుగో, అచ్చం ఆవిడ అడిగినట్టే అడిగావు. వాల్లాయనే సెప్పారు. సాలా?"

సాలన్నాను. ఫోన్ పెట్టేసి, ఆయనకి రక్తం తీసి, సీసా మీద పేరు రాసి, రాసిన పేరు సరిగ్గా ఉందో లేదో మరోసారి చూసుకున్నాను. అప్పటిగ్గాని కళ్ళు తుడుచుకోలేదు.

తొంభైల్లో మేము చదివిన మున్సిపల్ హైస్కూలు సముద్రానికి దగ్గర. చేపల వేటకెళ్ళే వాళ్ళ పిల్లలం, హార్బర్లో కూలికెళ్ళే వాళ్ళ పిల్లలం అందులో చదివేవాళ్ళం. ఆవిడ ఎనిమిదో తరగతిలో మాకు సైన్సు చెప్పడానికి వచ్చారు. పొట్టి మనిషి. గంజి పెట్టిన నేత చీర, మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ, ఎండున్నా లేకపోయినా చేతిలో గొడుగు. ఎవరేం చెప్పినా తల పక్కకి వంచి, ఒక కన్ను సగం మూసి చూసేవారు. బియ్యంలో రాళ్ళేరేవాళ్ళు చేటని వెలుగుకి వంచి చూస్తారే, అలాగ. ఆ చూపు పడితే నిజం చెప్పేవాడు కూడా తడబడేవాడు. వచ్చిన నెలకే మగపిల్లలు ఆవిడకి 'అనుమానం టీచరు' అని పేరు పెట్టేశారు. ఆ సంగతి ఆవిడకీ తెలిసింది. "పేరు బాగుంది. ఎవరు పెట్టారు? నువ్వు విన్నావా, చూశావా?" అని అడిగారట.

ఒకరోజు క్లాసులో నీళ్ళు మరగబెట్టారు. నీళ్ళు ఎంత వేడికి మరుగుతాయో పుస్తకంలో ఉంది, మేమంతా గట్టిగా చదివి చెప్పాం. ఆవిడ థర్మామీటరు ముంచి, ముందు బెంచీలో ఉన్న నన్ను చూడమన్నారు. నీళ్ళు తెర్లిపోతున్నాయి గాని, గీత పుస్తకం చెప్పిన చోటికి రాలేదు. నేను భయపడి పుస్తకంలో ఉన్న అంకే చెప్పేశాను.

"అక్కడ ఉన్నది చెప్పు. పుస్తకంలో ఉన్నది నాకు తెలుసు."

చెప్పాను. ఆవిడ బీరువాలోంచి ఇంకో రెండు థర్మామీటర్లు తీశారు. మూడూ మూడు మాటలు చెప్పాయి. క్లాసంతా నవ్వు.

"ఇప్పుడు ఎవరిని నమ్ముతారు?"

"ఎవల్నీ నమ్మం టీచర్!" అని వెనకనుంచి ఒకడు అరిచాడు.

"అలా కుదరదురా. ఎవరినీ నమ్మకపోతే టీ కూడా కాచుకోలేం. నమ్మాలి. కాకపోతే ఊరికే నమ్మకూడదు."

మర్నాడు ఎక్కడినుంచో కొత్త థర్మామీటరు పట్టుకొచ్చి మళ్ళీ నీళ్ళు మరగబెట్టారు. ఆ పాఠం అయ్యేసరికి మిగతా స్కూళ్ళవాళ్ళు మరో రెండు పాఠాలు దాటిపోయారు. హెడ్మాస్టరు సణిగారు. ఆవిడ లెక్కచేయలేదు.

నాకు ఆవిడ మీద మొదట కోపమే ఉండేది. తొమ్మిదిలో ఒక పరీక్షలో క్లాసందరికంటే నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. అందరి పేపర్లూ ఇచ్చేసి నాది మాత్రం ఇవ్వలేదు. బడి వదిలాక స్టాఫ్ రూముకి రమ్మని, తన బల్ల ఎదురుగా కూర్చోబెట్టి, వేరే ప్రశ్నలు రాసిచ్చి జవాబులు రాయమన్నారు. రాస్తున్నంతసేపూ ఆ సగం మూసిన కన్ను నా మీదే ఉంది. అవమానంతో నా చెవులు కాలిపోయాయి. రాసి ఇచ్చాను. దిద్దారు. అన్నీ సరిపోయాయి.

"కోపం వచ్చిందా?"

"వచ్చింది టీచర్."

"రానీ. రేపు పబ్లిక్ పరీక్షలో నీకిలాగే మార్కులొస్తే, ఈ పేటపిల్లకి ఇన్ని మార్కులేంటని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళు నాలాగ ఇంకో పేపరివ్వరు, ఉన్న మార్కులే కొట్టేస్తారు. ఇకమీదట ఎవరైనా అడిగితే, మళ్ళీ రాయించి చూడండి అని నేను ధైర్యంగా చెప్పగలను. అందుకు రాయించాను."

ఇంటికెళ్ళి చెబితే అమ్మ చేపల తట్ట కింద పడేసి, "మనోల్లంటే దొంగలనేగా ఆల్లకి!" అంది. మా నాన్న మాత్రం వేరే మాటన్నాడు. "దొంగని పట్టుకోడానికి మల్లీ పరీచ్చ పెడతారేటి? ఆవిడికి ఇంకేటో కావాల. సూడు, తొరలోనే మనింటికొత్తాది."

నాన్న అన్నట్టే వచ్చారు.

బడి మానేసిన పిల్లల కోసం ఆవిడ సాయంత్రాలు సముద్రం ఒడ్డున ఉన్న మా పేటలోకి రావడం మొదలుపెట్టారు. గొడుగు మొనతో ఇసకలో పొడుచుకుంటూ, ఎండేసిన వలలు తొక్కకుండా పక్కనుంచి నడుచుకుంటూ వచ్చేవారు. జ్వరమని చెప్పించిన వాడి నుదుటి మీద చెయ్యివేసి, "చల్లగా ఉందే!" అనేవారు. అమ్మమ్మ చచ్చిపోయిందని బడి ఎగ్గొట్టినవాడి గుమ్మంలో నిలబడి ఆ అమ్మమ్మతోనే కబుర్లు చెప్పేవారు. నూకరత్నం వారం రోజులు రాకపోతే వాళ్ళమ్మ, పిల్ల చుట్టాలింటికి వెళ్ళిందంది. ఆవిడ ఏమీ అనకుండా, చాటుగా నిలబడ్డ నూకరత్నం చెయ్యి పట్టుకుని వేళ్ళు వెలుగులోకి తిప్పి చూశారు. ఐసులో నాని తెల్లగా పాలిపోయి, రొయ్యల ముళ్ళు దిగి చీరుకుపోయిన వేళ్ళు. అప్పట్లో పేటలో చాలామంది ఆడపిల్లలు రొయ్యల షెడ్డులో పొట్టు ఒలవడానికి పోతుండేవారు. తెల్లారకుండానే వ్యాను వచ్చి ఎక్కించుకుపోయేది.

"ఈ చుట్టాలు రొయ్యలు బాగా తింటారా?" అన్నారు టీచరుగారు. వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వో ఏడుపో తెలీలేదు. మూడోరోజుకి నూకరత్నం బడికొచ్చింది.

ఆవిడ రావడం మొదలుపెట్టాక పేటలో గుసగుసలు బయల్దేరాయి. మతంలో కలపడానికొస్తోందని కొందరు. కాదు, ప్రైవేటు ట్యూషన్లకి పిల్లల్ని పోగేస్తోందని కొందరు. మా నాన్న ఇవేవీ నమ్మలేదు. ఆయన అనుమానం వేరు. అంతకు కొన్నాళ్ళ ముందు ఒక ఆఫీసువాళ్ళు (ఏ ఆఫీసన్నది ఇప్పుడెందుకు) టేపు పట్టుకొచ్చి మా వీధులు కొలుచుకుపోయారు. ఎందుకని అడిగితే నవ్వుతూ, "మీ మంచికే" అన్నారు. ఆ తర్వాత చివరి వరసలో ఇళ్ళు తీసేశారు. అప్పట్నుంచి ప్యాంటు వేసుకున్నవాడు పేటలోకొచ్చి పేరడిగితే చాలు, నాన్న లేచి నిలబడేవాడు.

"ఉత్తినే ఎవలూ రారు," అనేవాడు. "సేప కూడా ఎరుంటేనే వత్తాది."

ఒక సాయంత్రం ఆవిడ మా ఇంటికొచ్చారు. నాన్న తెప్ప పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. లేవలేదు, కూర్చోమనలేదు.

"టీచరమ్మా, ఒక మాటడుగుతాను. మా పిల్లలు సదూకుంటే నీకేటి లాబం?"

అమ్మ కంగారుపడిపోయింది. ఆవిడ మొహం మాత్రం ఒక్కసారిగా వెలిగింది.

"ఇన్నాళ్ళకి ఒకరడిగారు," అన్నారు. "నేను చెప్తే నమ్ముతారా అన్నయ్యా?"

"నమ్మను."

"మరెందుకు చెప్పడం? చూస్తూ ఉండండి. ఎక్కడికెళ్తున్నానో, ఏం చేస్తున్నానో చూడండి. తప్పు కనబడ్డ రోజు మీ పేటలోకి రానివ్వకండి."

ఇంకొకరైతే ఆ మాటకి మెత్తబడేవారు. మా నాన్న నిజంగానే చూడటం మొదలుపెట్టాడు.

అప్పటికి నేను పదో తరగతి. ఒకరోజు వేట లేదు. ఆవిడ బడినుంచి బయల్దేరగానే నాన్న వెనకాలే బస్సెక్కాడు. ఆవిడ ఇల్లు కూర్మన్నపాలెంలోనని మాకు తెలుసు. ఆ వైపు ఉండేవాళ్ళందరూ స్టీలుప్లాంటువాళ్ళే కదా, వాళ్ళాయనదీ అక్కడే ఉద్యోగమనుకున్నాం. ఆవిడ కూడా ఎన్నడూ కాదనలేదు. అయితే ఆ సాయంత్రం ఆవిడ కూర్మన్నపాలెం దాకా వెళ్ళలేదు. మధ్యలో దిగి, సందులోంచి నడిచి, మా వీధులు కొలిచిన ఆ ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డారు. కాసేపటికి లోపల్నుంచి ఒకాయన స్కూటరు తోసుకుంటూ వచ్చాడు. టేపు పట్టుకుని మా పేటకి వచ్చినవాడే. ఆవిడ గొడుగు ముడిచి, ఆ స్కూటరు వెనక ఎక్కి కూర్చుని వెళ్ళిపోయారు.

నాన్న ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా చెప్పాడు. చెబుతుంటే ఆయన గొంతులో కోపం కంటే ఎక్కువగా ఇంకేదో వినిపించింది. తన అనుమానం నిజమైనందుకు ఆయనకే బాధగా ఉన్నట్టనిపించింది.

మర్నాడు ఆవిడ వచ్చేసరికి పేట మొదట్లో జనం నిలబడి ఉన్నారు.

"ఆ టేపువోడు నీ పెనిమిటేనా?" అన్నాడు నాన్న.

"అవును."

"మరి మాకెందుకు సెప్పలేదు?"

"మీరు అడగలేదు. అడగకపోయినా చెప్పాల్సింది. చెప్తే మీరు రానివ్వరని చెప్పలేదు."

"మా పిల్లల్ని అడ్డెట్టుకుని, ఎవలింట్లో ఎంతమందున్నారో లెక్కలట్టికెల్లి ఆయనకిత్తన్నావు!"

"ఇవ్వలేదు," అన్నారు. అంతకంటే ఒక్కమాట కూడా ఎక్కువ అనలేదు. ఒట్టు పెట్టలేదు, ఏడవలేదు. ఎవరో ఇసక విసిరారు. చీర మీద పడింది. దులుపుకోకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

ఆవిడున్న బడికి ఇక పంపేది లేదన్నారు. ఆ రోజుతో మా పేట ఆడపిల్లల చదువు ఆగిపోయింది. నన్నూ నూకరత్నాన్నీ రొయ్యల షెడ్డులో పెట్టారు. పొద్దస్తమానం ఐసులో నిలబడి ఒలిచి, సాయంత్రం వ్యాను దిగేసరికి వేళ్ళు మావి కానట్టుండేవి. నాకు ఆవిడ మీద అనుమానం లేదని చెప్పను. నాన్న కళ్ళతో చూశాడు. చూసిందే నమ్మమని నేర్పింది ఆవిడే.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం వ్యాను దిగి చూస్తే, మెయిన్ రోడ్డు మీద బస్ షెల్టరులో ఆవిడ కూర్చుని ఉన్నారు. పక్కన గొడుగు, ఒళ్ళో సైన్సు పుస్తకం. ఆ షెల్టరు పేట బయట ఉంది. లోపలికి రావద్దన్నారు గాని రోడ్డు మీద కూర్చోవద్దని ఎవరూ అనలేదు.

"ఇంటికెళ్ళే ముందు కాసేపు కూర్చోండి," అన్నారు. "ఎవరైనా అడిగితే చెప్పండి, టీచరు నడిరోడ్డు మీద పాఠం చెప్తోంది, వచ్చి చూసుకోండి అని."

మొదటిరోజు మేము ఆగలేదు. మర్నాడు నూకరత్నం ఆగింది, దాన్ని విడిచి వెళ్ళలేక నేనూ ఆగాను. పక్కన బస్సులు ఆగుతుండేవి, కండక్టర్లు అరుస్తుండేవారు, లారీ హారన్ మోగితే ఆవిడ పాఠం ఆపి, అది వెళ్ళాక ఆపిన మాట దగ్గరే మళ్ళీ అందుకునేవారు. మా చేతులు కంపుకొడుతుంటే పుస్తకం ముట్టుకోడానికి సిగ్గుపడేవాళ్ళం. ఆవిడే పేజీలు తిప్పేవారు. ఒక్కోసారి మేము కూర్చునే నిద్రపోతే లేపకుండా అలాగే ఉండి, లేచాక ప్రశ్న అడిగేవారు. పొరుగు వీధుల ఆడపిల్లలూ ఒకరొకరే వచ్చి చేరారు.

సంగతి నాన్నకి తెలిసింది. వచ్చి రోడ్డుకి అవతలపక్క కిళ్ళీ బడ్డీ దగ్గర నిలబడ్డాడు. చేతులు కట్టుకుని అలా చూస్తూనే ఉన్నాడు. ఆవిడా చూశారు, పలకరించలేదు. మర్నాడూ వచ్చాడు. వేట లేని ప్రతి సాయంత్రం వచ్చేవాడు. తర్వాత తర్వాత రోడ్డు దాటి షెల్టరు స్తంభానికి ఆనుకుని నిలబడటం మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఎంతమందని ఆవిడ ఎప్పుడు అడుగుతారా అని కాచుకున్నాడు. ఆవిడ అడిగినవన్నీ అద్దం గురించీ, గుండె గురించీ, ఇనుము ఎందుకు తుప్పు పడుతుందన్న దాని గురించీ.

పరీక్ష ఫీజు కట్టే గడువు దగ్గరపడింది. ఒకరోజు ఇంటికి నడుస్తూ నాన్న అన్నాడు: "ఏటీ దొరకలేదు."

నాలుగడుగులు వేసి, మళ్ళీ అన్నాడు.

"దొరికేదాకా సూత్తాను. అందాకా సదూకో. రేపట్నుంచి షెడ్డుకెల్లకు."

ఆ మార్చిలో పరీక్షలు రాశాం. సెంటరు గేటు బయట ఆవిడ గొడుగు కింద నిలబడ్డారు. రోడ్డుకి అవతల నాన్న నిలబడ్డాడు. ఒకరితో ఒకరు ఒక్కమాట కూడా ఆడలేదు.

పరీక్షలయ్యాక, ఇంకా ఫలితాలు రాకముందే, వ్యాన్లలో పోలీసులు దిగారు. వెనకాల మిషన్లు. మా వరస, మా వెనక వరస, దాని వెనక వరస. సామాన్లు బయట పెట్టుకోడానికి కాస్త టైమిచ్చారు. అమ్మ పొయ్యి మీద గిన్నె అలాగే దింపుకుని బయటికొచ్చింది. ఆఫీసువాళ్ళ గుంపులో ఆ స్కూటరాయన కూడా ఉన్నాడు, నేలకేసి చూస్తూ.

"సూసావా?" అన్నాడు నాన్న నాతో. అంతే.  సముద్రానికి దూరంగా, కొండవారన ఇచ్చిన గదుల్లోకి మారాం. నాన్న తెల్లారగట్ల రెండు బస్సులు మారి వేటకి వెళ్ళేవాడు. నేను పాసయ్యాను. మంచి మార్కులే. చెప్పడానికి ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళనివ్వరు, నాకూ వెళ్ళాలనిపించలేదు. ఆ తర్వాత ఇంటరు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, ఉద్యోగం, పెళ్ళి, ఒక కూతురు. ఇవన్నీ ఆవిడకి తెలియకుండానే జరిగాయి.

చాలా ఏళ్ళ తర్వాత, ఇప్పటికి రెండేళ్ళ కిందట, ఆవిడ మా ల్యాబ్‌కి వచ్చారు. జుట్టంతా నెరిసిపోయింది. నేను మాస్కులో ఉన్నాను. కుర్చీలో కూర్చోగానే, "సీసా మీద నా పేరు ముందు రాస్తావా, తర్వాతా?" అన్నారు.

"ముందే రాస్తానండీ."

"ఏదీ, చూపించు."

చూపించడానికి చెయ్యి చాపాను. ఆవిడ సీసా చూడలేదు. నా వేలు మీద మచ్చ చూశారు. తల పక్కకి వంగింది. "రొయ్య ముల్లు," అన్నారు. "పైడమ్మవా?"

మాస్కు తీశాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఎక్కడ చదివావు, ఎవరు చెప్పారు, ఈ మిషను చెప్పేది నిజమని నీకెలా తెలుస్తుంది అని వరసగా ప్రశ్నలు. రోజూ పొద్దున్నే తెలిసిన శాంపిలు పెట్టి మిషన్ని సరిచూస్తామన్నాను. "రోజూనా?" అన్నారు. "రోజూ." ఆ సంతోషం ఆవిడ మొహంలో నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

అప్పుడు అడిగేశాను. "టీచర్, మా ఇళ్ళు తీసేస్తారని మీకు ముందే తెలుసా?"

చూపు తిప్పుకోలేదు. "తెలుసు. షెల్టరులో మీకు చెప్పడం మొదలుపెట్టక ముందే తెలుసు."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ పేటంతా రోడ్డు మీదికొచ్చేది. కేసులు పెట్టేవాళ్ళు. మీ పరీక్షలు పోయేవి, ఇళ్ళూ పోయేవి. చెప్పకపోతే పరీక్షైనా మిగుల్తుందనుకున్నాను. ఆయన్ని మాత్రం అడిగాను, పిల్లల పరీక్షలయ్యేదాకా ఆపించమని." నా వేలు మీద మచ్చని బొటనవేలితో తడిమారు. "చెప్పుంటే మీవాళ్ళు గట్టిగా నిలబడి ఇళ్ళు నిలబెట్టుకునేవాళ్ళేమో పైడమ్మా. మీవాళ్ళు గట్టివాళ్ళు. ఆ సంగతి ఇప్పుడు మళ్ళీ చేసి చూసే వీల్లేదు. మీ నాన్న నన్ను అనుమానించడంలో తప్పేమీ లేదు."

నాకు కోపం రావాలి. వచ్చిందో లేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రక్తం తీశాను. ఆవిడ సూది కేసే చూస్తూ కూర్చున్నారు.

ఆ సాయంత్రం నాన్నకి చెప్పాను. వేటకెళ్ళడం మానేసి అప్పటికే కొన్నాళ్ళయింది. నా కూతుర్ని బడికి దింపడం, తీసుకురావడం ఆయన పని.

"తెలుసన్నమాట," అన్నాడు.

"తెలుసట."

"నానప్పుడే సెప్పాను." గెలిచినవాడిలా లేదు గొంతు. మనవరాలి పుస్తకాల సంచీ మేకుకి తగిలించి, "పరీచ్చలయ్యేదాకా ఆపమని అడిగిందా?"

"అడిగానన్నారు."

"అన్నాది సరే. ఆయనాపినట్టు ఎవలు సూసారు?"

ఆ మాట అక్కడితో వదిలేశాడనుకున్నాను. ఇన్నాళ్ళకి ఇప్పుడు, టీచరుగారు పోయారని నేను చెప్పగానే లోపలికెళ్ళి తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"నానూ వత్తాను."

"నాన్నా, అక్కడ గొడవెట్టకు."

"నానేటి సిన్నపిల్లోన్నా?"

మధురవాడలో, ఇప్పుడు వాళ్ళుంటున్న అపార్టుమెంటు కింద, కార్లు పెట్టేచోట ఆవిడని ఉంచారు. తెల్ల చీర, చేతుల మీద బైబిలు. పిల్లలు, అంటే మేమే, నడివయసు దగ్గరపడుతున్నవాళ్ళం, చాలామంది వచ్చాం. ఎవరెవరో తెలీనివాళ్ళు నూకరత్నాన్ని పట్టుకుని ఏడుస్తున్నారు. నాన్న పెట్టె దగ్గరికి వెళ్ళలేదు. దూరంగా నిలబడి ఆ స్కూటరాయన్నే చూస్తున్నాడు. ఆయనా ముసలివాడైపోయాడు, కర్ర పట్టుకున్నాడు. శ్మశానంలో ప్రార్థన అయ్యేదాకా నాన్న చూపు తిప్పలేదు. 

పాస్టరుగారు పక్కకి జరగగానే నాన్న నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళాడు. నేను పరుగున వెనకాలే వెళ్ళాను.

"నన్ను గుర్తుపట్టావా బాబూ?"

ఆయన చూశాడు, పోల్చుకోలేకపోయాడు.

"ఆయేల నువ్వు మా వీది కొలవడానికొచ్చినప్పుడు, టేపు రెండో కొస పట్టుకోమని నా సేతికిచ్చావు. వీది దీపాలేత్తారేమోనని పట్టుకున్నాను. వరసంతా నానే తిప్పాను నిన్ను."

ఆ మాట నేను అంతవరకూ వినలేదు. అమ్మ కూడా విని ఉండదు. ఆయన కర్ర మీద బరువు ఆన్చి తల దించుకున్నాడు.

"పిల్లల పరీచ్చలయ్యేదాకా ఆపింది నువ్వేనా? నిజం సెప్పు. పోయినావిడి ముందర."

ఆయన పెట్టె వైపు చూశాడు. "అడిగింది," అన్నాడు. "కుదరదన్నాను. అప్పట్నుంచి అన్నం వడ్డించేది గాని నాతో మాట్లాడేది కాదు. ఉండలేక, కొలతలు సరిపోవట్లేదు, మళ్ళీ కొలవాలి అని పైవాళ్ళకి చెప్పి ఆ కాగితాలు నా బల్ల మీదే ఉంచేశాను. ఆ మాట నమ్మి ఆగారో, వాళ్ళకే తీరిక లేక ఆగారో నాకు తెలీదు. ఆవిడకి మాత్రం నేనే ఆపానని చెప్పాను."

"నమ్మిందా?"

"ఏమో. అన్నీ గుచ్చిగుచ్చి అడిగే మనిషి, ఆ ఒక్కటీ మళ్ళీ అడగలేదు." ఆయన కర్ర చెయ్యి మార్చుకున్నాడు. "ఆ రాత్రి మాత్రం నాతో మాట్లాడింది."

నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు. ఏమంటాడోనని నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. నెమ్మదిగా విడిపించుకున్నాడు. పెట్టెని దింపుతున్నారు. ఒక్కొక్కరే వెళ్ళి గుప్పెడు మట్టి వేసి వస్తున్నారు.

"మాలాటోల్లు కూడా ఎయ్యొచ్చా?" అని ఆయన్నే అడిగాడు.

"వెయ్యొచ్చు."

నాన్న చెప్పులు విడిచాడు. వంగడానికి నడుం సహకరించక మోకాలి మీద కూర్చుని, ఎర్రమట్టి దోసిలితో తీసి, గడ్డలు వేళ్ళతో నలిపి, మెత్తగా అయ్యాక గోతిలోకి విడిచాడు. లేచి, కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, కండువాతో తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు.

"పద. పిల్ల బడి ఇడిసీ యేలయింది."